మూడో చప్పుడు

బొటనవేలు పట్టేంత సందు. ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య మిగిలిపోయింది అంతే. అది మూసుకుంటే రేపు పొద్దున కారు కదులుతుంది, మూసుకోకపోతే కదలదు, ఇందులో గుండెలు బాదుకోవాల్సినంత ఏముందని కారు కింద వెల్లకిలా పడుకున్న ఆ కుట్టుమిషన్ల మెకానిక్కు తనకు తానే నచ్చజెప్పుకుంటున్నాడు, నచ్చజెప్పుకున్నకొద్దీ నోరు ఎండిపోతోంది. చేతిలో పానా ఉంది, పానా బోల్టు మీద ఉంది. ఇందాకటిదాకా హాయిగా తిరిగిన బోల్టు ఉన్నట్టుండి బిగుసుకుంది, బిగుసుకుంటూ లోపల ఎక్కడో కిర్రుమంది, ఆ కిర్రుకి అతని వీపు కింద పరిచిన అట్ట కూడా చల్లబడినట్టయింది. తుప్పేమో. తుప్పే అయి ఉంటుంది. పాత బండి, పాత బోల్టు, కిర్రుమనక కిలకిలా నవ్వుతుందా? ఇంకొక్క చుట్టు తిప్పితే సందు తగ్గుతుందేమో. ఇంకొక్క చుట్టు తిప్పితే లోపల ఏదో పుటుక్కుమంటుందేమో. చెయ్యి పైకి లేచింది, ఆగింది, మళ్ళీ ఛాతీ మీదికి వచ్చి పడింది. షెడ్డు తలుపు సందులోంచి సాయంత్రపు ఎండ నేల మీద పడి, చూస్తుండగానే అతని చెప్పుల దాకా జరిగింది. ఇంకాసేపటికి భార్య వచ్చేస్తుంది.

ఆమె వచ్చేసరికి పని అయిపోవాలి. "అయిపోయింది, ఎక్కి కూర్చో" అనాలి. ఆ ఒక్క మాట అనడానికే కదా పొద్దుటినుంచీ ఈ నూనెలో, ఈ మసిలో దొర్లుతున్నది, దుకాణం మూసేసి, ఎవరి జాకెట్లు ఎవరి పరదాలు ఆగిపోయినా ఆగిపోనీ అనుకుని. ఆమెది ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసే పని, తెల్లవారుతూనే మొదలు, మంచం దిగలేనివాళ్ళు, ఆసుపత్రి మెట్లెక్కలేనివాళ్ళు, వాళ్ళందరి గుమ్మాల ముందూ ఈ కారు ఆగేది. గేరుబాక్సు నడిరోడ్డు మీద చేతులెత్తేశాక ల్యాబులో బల్ల ముందు కూర్చుని గాజు గొట్టాలకి లేబుళ్ళు అంటిస్తోంది. "రేపు పొద్దున రౌండుకి బండి ఉంటే రౌండు నీదే, లేదంటే కొత్తమ్మాయికి రాసేస్తానమ్మా, ఎన్నాళ్ళని ఆపను" అన్నాడు మేనేజరు, ఆయన్ని అనడానికీ లేదు, అప్పటికే ఆపగలిగినన్నాళ్ళు ఆపాడు. తుంటి నుంచి మడమ దాకా ఎడమకాలికి ఇనప పట్టీలు కట్టుకున్న మనిషి క్లచ్చు తొక్కలేదు. ఆమెకి క్లచ్చే లేని బండి కావాలి, గేర్లు వాటంతట అవి మార్చుకునే బండి. అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర లేదు, తెలిసినవాళ్ళ దగ్గర లేదు, వీధి మొత్తానికి అలాంటిది ఉన్నది ఇదిగో ఈ ముసల్దొక్కటే, దాని పొట్ట విప్పి అతను ఇలా పడుకున్నాడు. విప్పడం ఎవడైనా విప్పుతాడు, అనుకున్నాడు.

కార్ల మెకానిక్కు షెడ్డుకి తీసుకెళ్ళచ్చు కదా అన్నారు అందరూ. తీసుకెళ్ళాడు. ఒకడు ఇంత పాత బండి ముట్టుకోనన్నాడు, ఇంకొకడు చూద్దాం చూద్దాం అంటూ వారం నానబెట్టి చివరికి చూడనే లేదు. అప్పుడు పుట్టింది అతనికి ఈ బుద్ధి. యంత్రం యంత్రమే కదా, చిన్నదైతే ఏంటి పెద్దదైతే ఏంటి, సూది కిందకి దిగే వేళకి దారం అందించే కొక్కెం ఎంత నాజూకు పని, దాన్ని సరిచేసే చేతికి ఈ ఇనప దిమ్మ ఒక లెక్కా? ఆ మాట పైకి కూడా అన్నాడు, అదీ ఆమె అన్నయ్య ముందు. ఆయన జిరాక్సు కొట్టు నడుపుతూ ప్రపంచంలోని సకల విషయాల మీదా ఉచితంగా సలహాలిచ్చే మనిషి, అందుకే ఇంట్లో ఆయనకి సలహాల బావ అని పేరు. "బావా, నువ్వు దూర్చేది సూదిలో దారం, ఇది అలా కాదు" అన్నాడు ఆయన. అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడైనా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మూసుకున్నాడా? ఇంట్లోనే పెట్టి చూపిస్తానన్నాడు. ఇప్పుడు చూపించు. ఇదిగో ఈ సందు చూపించు.

పాతసామాను అమ్మే పెద్దాయన, గుద్దుకుని నుజ్జయిన ఇలాంటి కారులోంచే ఈ గేరుబాక్సు ఊడదీసి ఇచ్చినాయన, అంతా తూకం లెక్కలోనే మాట్లాడతాడు. గేరుబాక్సు మూతిలోకి దిగాల్సిన గుండ్రటి బరువైన డబ్బాని చూపించి, దాని పేరు కన్వర్టరు అని, నూనె నిండిన ఆ డబ్బా తిరిగితేనే ఇంజను బలం గేరుబాక్సుకి అందుతుందని ఓపిగ్గా చెప్పాడు. "తిప్పుతూ లోపలికి నెట్టు బాబూ. టక్కుమని ఒకటి దిగుతుంది. ఇంకా తిప్పు, రెండోది దిగుతుంది. అక్కడ చాలామంది అయిపోయిందనుకుంటారు. కాదు. మూడోది దిగాలి. మూడోది దిగకుండా పైకెక్కించి బోల్టులు బిగించావనుకో, లోపల నూనె పంపు పగిలిపోతుంది. పగిలితే ఏం బెంగ పెట్టుకోకు, నా దగ్గరికే పట్టుకురా, తూకానికి తీసుకుంటా" అని హాయిగా నవ్వాడు. అప్పుడు తనూ నవ్వాడు.

మూడూ దిగాయి కదా. దిగాయి. పొద్దున ఇక్కడే, ఈ షెడ్డులోనే, గేరుబాక్సుని మూతి పైకి ఉండేలా చెక్కల మీద ఆనించి, కన్వర్టరుని రెండు చేతులా పట్టుకుని తిప్పుతుంటే ఆమె పక్కన నిలబడి టార్చి వేసి పట్టుకుంది. లెక్క ఆమెదే. సలహాల బావ గోడకి చేరగిలబడి, మెల్లగా మెల్లగా అని ఒకసారి, గట్టిగా గట్టిగా అని ఒకసారి, రెండు వైపులా సలహాలిస్తూనే ఉన్నాడు. టక్. "ఒకటి" అంది ఆమె. చేతులు పీకాయి, చెమట కళ్ళలోకి కారింది. టక్. "రెండు." ఆ తర్వాత ఎంతకీ రాలేదు. తిప్పాడు, ఊపాడు, వెనక్కి లాగి మళ్ళీ నెట్టాడు, మొండిఘటం, కదలదు. ఆమె పాపం ఎంతసేపని నిలబడుతుంది, టార్చి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది, అప్పుడే టక్కుమంది. ఎంత హాయిగా వినపడిందో. "మూడు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. బావ కూడా మూడు అన్నాడు, అని గడియారం చూసుకుని, ఇంకేం, ఎక్కించేద్దాం పద, నాకు కొట్టు తెరవాలి అని తొందర చేశాడు. ముగ్గురు విన్నారు. ఒక్కరు కాదు, ముగ్గురు. బావ సాయం పట్టి జాకీ మీద పైకెత్తి, చేత్తో రెండు బోల్టులు తగిలించి, ఇక మిగిలింది బిగించడమే కదా అని వెళ్ళిపోయాడు, ఆమె ల్యాబుకి వెళ్ళిపోయింది. బిగించడమే కదా. ముగ్గురు విన్నది అబద్ధమవుతుందా?

అయితే ఈ సందు ఎందుకు? జాకీ ఒక పక్కకి వాలిందేమో. వాలితే ఒక పక్కే ఉండాలి సందు, చుట్టూ ఒకేలా ఉంది. ఏదైనా వైరు మధ్యలో నలిగిందేమో, టార్చి వేసి చుట్టూ చూశాడు, వైర్లన్నీ బుద్ధిగా పక్కకే ఉన్నాయి. తుప్పు. మళ్ళీ తుప్పు దగ్గరికే వచ్చింది బుర్ర. బుర్రకి ఏదో ఒకటి కావాలి పట్టుకుని వేలాడడానికి. ఒకవేళ పంపు ఈపాటికే పగిలిందా? ఆ కిర్రు అదేనా? పగిలితే చప్పుడు పెద్దగా వస్తుందా, చిన్నగా వస్తుందా? పెద్దాయన్ని ఆ సంగతి అడగలేదు. ఫోన్ చేసి అడిగితే? ఏమని అడుగుతాడు, అయ్యా, పగిలినప్పుడు ఎలా వినపడుతుందండీ అని? తూకానికి తెచ్చెయ్ బాబూ అంటాడు. ఇంకొక గేరుబాక్సు దొరకాలంటే ఇంకొక కారు ఎక్కడో గుద్దుకోవాలి. ఛీ, ఏం ఆలోచన ఇది, ఎవరో గుద్దుకోవాలని కోరుకోవడమేమిటి, తలకాయ పని చెయ్యడం లేదు. లేబుళ్ళు. రేపు ఈ కారు కదలకపోతే ఆమె ఇక లేబుళ్ళ మనిషి.

సాయంత్రాలు ఎలా ఉండేవి! చెప్పులు విప్పకముందే మొదలుపెట్టేది. సూది చూడగానే దుప్పటి కిందకి చెయ్యి దాచేసుకుని, పేకాటలో ఓడిస్తేనే ఇస్తానని మొండికేసే తాతగారు, కళ్ళు గట్టిగా మూసుకుని పెద్ద గొంతుతో పాట అందుకునే రిటైరు టీచరమ్మ, గంపెడు మీసాలు పెట్టుకుని సూది గుచ్చకముందే కళ్ళు తిరిగి మంచం మీద వాలిపోయిన పోలీసాయన. అందరినీ అచ్చం వాళ్ళలాగే చేసి చూపించేది, అతను మిషను కింద తల పెట్టి పని చేసుకుంటూ పడీపడీ నవ్వేవాడు. ఈ నెలంతా, ఇవాళేంటి విశేషాలు అంటే, ఏముంటాయి, లేబుళ్ళు, అంటోంది. అనేసి గిన్నెలు సర్దుకుంటోంది. ఒకరోజు స్కూటరు మీద తనే రౌండుకి తీసుకెళ్ళాడు, ఐసుపెట్టె తనే మోశాడు, ప్రతి మెట్టు దగ్గరా చెయ్యి అందించాడు. ఎంత సంబరపడ్డాడో ఆ రోజు, మా ఆవిడకి నేను ఉన్నాను అనుకుంటూ. ప్రతి ఇంట్లోనూ ముందు అతనికే కుర్చీ వేశారు. ఒకింట్లో, "ఏమీ తినకుండా ఎంతసేపు ఉండాలండీ?" అని అతన్ని అడిగారు, పెట్టె మోస్తున్నవాడు డాక్టరనుకుని. ఆమె వెనక నిలబడి ఉంది, చేతిలో సూది పట్టుకుని. సాయంత్రం ఇంటికొచ్చి, మేనేజరుకి ఫోన్ చేసి, బండి బాగయ్యేదాకా నన్ను బల్ల దగ్గరే కూర్చోబెట్టండి సార్ అంది. అతను అప్పుడు పక్కనే ఉన్నాడు. ఎందుకలా అందో ఆ రోజు అర్థం కాలేదు, కాకపోవడమే సిగ్గుచేటు, తరువాత్తరువాత తెలిసింది, తెలిసాక కూడా పొద్దున్నే స్కూటరు మీద ల్యాబు దాకా వెళ్తున్నప్పుడు ఆమె చెయ్యి భుజం మీద పడితే బాగుంటూనే ఉంది. అదే బాధ. బాగుండకపోతే బాగుండేది.

అడుగున చిన్న కిటికీలాంటి బెజ్జం ఉంది. అందులోంచి వేలు పెట్టి తోస్తే కన్వర్టరు సులువుగా తిరగాలని కూడా చెప్పాడు పెద్దాయన. ఈ సంగతి ఇందాకటి నుంచీ తెలుసు అతనికి. తెలిసే వేలు పెట్టలేదు, డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా తిరిగే రోగిలాగా. ఇప్పుడు పెట్టాడు. తోశాడు. కదల్లేదు. రెండు వేళ్ళతో తోశాడు. గోడని తోసినట్టుంది. నూనె చిక్కబడిందేమో, వేళ్ళకి జిడ్డు జారుతోందేమో, వేళ్ళని లాగుకి తుడుచుకుని మళ్ళీ తోశాడు, గోరు విరిగింది గానీ అది కదల్లేదు. కానీ మూడూ విన్నాం. మూడూ విన్నాం కదా! ముగ్గురి చెవులూ ఒక పక్క, ఈ ఒక్క వేలు ఒక పక్క, దేన్ని నమ్మాలి? చెవులనే నమ్ముదాం, పానా పట్టుకుని ఒక్క చుట్టు తిప్పుదాం, అయితే అటు లేకపోతే ఇటు, తాడో పేడో తేలిపోతుంది, అనుకుంటుండగా గేటు బయట ఏదో బండి ఆగింది, ఎవరితోనో, "సరే రేపు చూద్దాం" అంది ఆమె గొంతు. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. పానా చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఏమండోయ్, ఉన్నారా? కారు మింగేసిందా?"

"ఉన్నా. ఉన్నా."

"అయిందా మరి?"

"అవుతోంది. ఇంకాస్త."

కారు కింద నుంచి ఆమె చెప్పులే కనపడుతున్నాయి. స్టూలు జరిపిన చప్పుడు. చేతిసంచి నేల మీద పెట్టిన చప్పుడు. ఉస్సూరుమంటూ కూర్చుంది. టక్.

అతను పానా కింద పెట్టాడు. లోహం మీద లోహం పడే చప్పుడు, పొట్టిగా, బరువుగా, హాయిగా. కూర్చునేటప్పుడు ఆమె మోకాలి దగ్గర ఇనప పట్టీకున్న గడియ తియ్యాలి, అప్పుడే కాలు ముడుచుకుంటుంది. లేచేటప్పుడు ఆ గడియ మళ్ళీ పడుతుంది. కూర్చుంటే ఒకటి, లేస్తే ఒకటి, పొద్దున మంచం దిగితే ఒకటి, భోజనానికి కూర్చుంటే ఒకటి. పెళ్ళైన నాటి నుంచీ ఈ ఇంట్లో గోడ గడియారంలాగా అదొకటి కొట్టుకుంటూనే ఉంది, ఎవరైనా గడియారాన్ని వింటారా? పొద్దున టార్చి పట్టుకుని నిలబడలేక కూర్చుంది. అప్పుడే టక్కుమంది. ఓరి నాయనో. మూడోది దిగనే లేదు. ముగ్గురూ, సొంత అన్నయ్యతో సహా ముగ్గురూ, ఆ చప్పుడు పక్కనే ఏళ్ళకి ఏళ్ళు బతికినవాళ్ళు. దారినపోయే దానయ్య ఎవడైనా షెడ్డులో ఉండి ఉంటే, అదేంటండీ ఆ చప్పుడు మేడం దగ్గర్నుంచి వచ్చిందీ అని ఠక్కున చెప్పేవాడు.

మొదటిసారి తనూ అలాగే కదా. ఆమె కుట్టుమిషను రిపేరుకి తెచ్చిన రోజు, కుట్టు వదిలేస్తోందండీ అని చెప్పి స్టూలు మీద కూర్చుంది, టక్కుమంది, అతను మిషనులోంచి ఏదో మర ఊడి పడిందనుకుని బల్ల కింద దూరి చాలాసేపు నేలంతా తడిమాడు. "ఏం వెతుకుతున్నారు?" అంది. ఏదో పడిందండీ, దొరకడం లేదు, అన్నాడు. "అది నాలోంచి వచ్చిందిలెండి, నేనే రిపేరు చేసుకుంటా" అని నవ్వింది, చెవుల దాకా ఎర్రబడిపోయాడు తను. అప్పుడు ఆ చప్పుడు ఎంత స్పష్టంగా వినపడింది! ఎప్పుడు వినపడడం మానేసింది? ఏ నెలలో, ఏ పూట? ఎలా చెప్పడం ఇప్పుడు ఈ సంగతి? ఈ కాలిని తప్పు పట్టిన మాట ఈ ఇంట్లో ఇంతవరకూ ఒక్కటి లేదు. పాపం అనే మాటంటే ఆమెకి ఒళ్ళు మంట, ఎవరైనా పాపం అంటే, ఎవరిదండీ పాపం అని ఎదురడుగుతుంది. అలాంటి మనిషితో, నీ కాలి చప్పుడు లెక్కలో కలిసిపోయింది, అందుకే రేపు నీ కారు లేదు, అనాలి. అనలేడు. చచ్చినా అనలేడు. వేరే ఏదైనా చెప్పచ్చు. ఏదైనా.

"జాకీ కాస్త జరిగిందే. ఒకసారి కిందికి దించి మళ్ళీ ఎక్కించాలి."

"అంతా విప్పాలా?"

"ఆఁ. కొంచెం."

"కన్వర్టరు బాగానే కూర్చుంది కదా? మూడూ నేనే లెక్కపెట్టాను."

జవాబు చెప్పాల్సిన చోట గుటక మింగాడు. కారు కింద గుటక పైకి వినపడదనుకున్నాడు గానీ, వినపడకపోయినా ఆమెకి తెలుస్తుంది, పొద్దస్తమానం భయపడే మనుషుల చేతులు పట్టుకునే మనిషి. "బయటికి రండి" అంది. పాకుతూ బయటికొచ్చాడు. ఆమె అతని మొహం చూసి, నూనె తుడుచుకోమని గుడ్డ అందించడానికి లేచింది. టక్. ఇద్దరి మధ్యా ఆ గుడ్డ గాల్లోనే ఆగిపోయింది. అతను తల తిప్పుకోకుండా ఉండాల్సింది. తిప్పుకున్నాడు. ఆమె మోకాలి వైపు చూసుకుంది, స్టూలు వైపు చూసింది, మెల్లగా మళ్ళీ కూర్చుంది, టక్, పొద్దున టార్చి పట్టుకున్న చెయ్యి ఎక్కడ ఉందో అక్కడికే చెయ్యి తీసుకెళ్ళింది.

"ఒకటి నాదా?"

కాదు అందామనుకున్నాడు. గుడ్డ అందుకుని చేతులు తుడుచుకోసాగాడు.

"మీకు కూడా తెలియలేదా?"

"అది నాకు చప్పుడులా ఎప్పుడు వినపడింది గనక?" అన్నాడు.

"బాగుంది సంబడం. నా ఉద్యోగానికి నా కాలే అడ్డం పడిందన్నమాట" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తిరిగి, కిందికి రాకుండా అక్కడే ఆగాయి, ఆమె వాటిని ఎప్పుడూ అంతకంటే ముందుకి రానివ్వదు. అతనికి ఆ కారుని, గేరుబాక్సుని, తూకం పెద్దాయన్ని, సలహాల బావని, అన్నిటికంటే ముందు తన రెండు చెవుల్ని పీకి అవతల పారేయాలనిపించింది. "అన్నయ్యకి ఫోన్ చెయ్యండి. కొట్టు మూసి రమ్మనండి. దించడానికి మనిషి కావాలి కదా" అంది. ఆ మాట అంటూనే చీర కుచ్చెళ్ళు పక్కకి జరిపి, తొడ దగ్గర బెల్టు విప్పింది. మోకాలి దగ్గర విప్పింది. చీలమండ దగ్గర విప్పింది. రాత్రి పడుకునే ముందు తప్ప ఆ పట్టీలు విప్పగా అతను చూడలేదు, ఆమె అన్నయ్య అయితే చిన్నప్పటి తర్వాత ఎన్నడూ చూసి ఉండడు. విప్పినదాన్ని అతని చేతికిచ్చింది. "ఇంట్లో పెట్టి రండి. దాని నోరు మూయించాలి." తీసుకెళ్ళి లోపల మంచం మీద పెట్టి వచ్చాడు. ఎంత బరువుందో అది. రోజూ చూసేదే, ఎన్నడూ ఇంతసేపు చేత్తో మోయలేదు.

బావ వచ్చాడు, వస్తూనే నోరు తెరిచాడు, నేల మీద గోనెసంచి పరుచుకుని కాలు చాపుకుని కూర్చున్న చెల్లెల్ని చూసి తెరిచిన నోరు మూశాడు. ముగ్గురూ కలిసి బోల్టులు వదులు చేసి, గేరుబాక్సుని వెనక్కి జరిపి కిందికి దించారు. అతను కన్వర్టరుని బయటికి లాగాడు. పంపులోకి దిగాల్సిన కన్వర్టరు గొట్టం చుట్టూ, పంపు పళ్ళ చుట్టూ ఆమె వేలు పెట్టి తడిమింది, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ, కళ్ళు మూసుకుని. "గీత ఉంది. ఒకచోట గీసుకుంది. విరగలేదు" అంది. "నిజంగా?" అన్నాడు. "నరం ఎక్కడుందో వేలేసి చెప్పేదాన్ని, ఇది చెప్పలేనా?" అంది. అమ్మయ్య అనుకోవడానికి కూడా భయమేసింది అతనికి. మళ్ళీ ఎత్తి పెట్టారు, తిప్పడం మొదలుపెట్టాడు, ఒకటి దిగింది, రెండోది దిగింది, మళ్ళీ అక్కడే పట్టేసింది. అతను చెవి దగ్గరగా పెట్టాడు. షెడ్డులో బావ ఊపిరి కూడా వినపడేటంత నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దంలో ఇంకా భయం పెరిగింది.

"వినకండి," అంది ఆమె. "చెవితో ఎవరికీ నరం దొరకదు. మీరు బరువు పట్టుకోండి, తిప్పడం నాకొదిలేయండి." రెండు అరచేతులూ డబ్బా అంచున ఆనించింది. తిప్పలేదు, ఊరికే ఆనించి ఉంచింది కాసేపు. తర్వాత గోరంత ఇటు, గోరంత అటు. ఆమె నుదుటి మీద చెమట ముక్కు మీదుగా కారి నూనెలో పడింది, తుడుచుకోలేదు. "ఇక్కడ మెత్తగా ఉంది" అంది, "ఇక్కడ కాదు, ఇక్కడ." అతను పట్టుకున్న బరువు ఒక్కసారిగా చేతుల్లోంచి లోపలికి జారిపోయింది, చప్పుడు అయిందో లేదో ఎవరూ వినలేదు, డబ్బా అంచు గేరుబాక్సు మూతి కంటే లోపలికి దిగిపోవడం మాత్రం ముగ్గురూ చూశారు. బావ సలహా ఇవ్వలేదు. కళ్ళు ఒత్తుకుని, నూనె పడింది అన్నాడు.

ఈసారి పైకెత్తి నెడితే అరచేతి ఒత్తిడికే వెళ్ళి ఇంజనుకి అతుక్కుంది, బోల్టు అక్కర్లేకుండానే. బెజ్జంలోంచి వేలితో తోస్తే కన్వర్టరు పిల్లల బొంగరంలా తిరిగింది. ఇక నూనె పొయ్యాలి, గొట్టాలు తగిలించాలి, స్టార్టు చేసి చూడాలి, ఆ పంపు మీద గీసుకున్న గీత ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో ఎవరికి తెలుసు, ఏ సిగ్నలు దగ్గర మొరాయిస్తుందో, ఏ మలుపులో. భయం తగ్గలేదు, కొత్తచోటికి మారింది అంతే. అతను కారు కింద పడుకుని బోల్టులు చేత్తో ఎక్కిస్తూ, పైకి మామూలుగా వినపడేలా గొంతు సర్దుకున్నాడు. "రేపు నేనూ వస్తాలే. పక్కన కూర్చుంటా. పెట్టె మొయ్యనులే, ఊరికే కూర్చుంటా. దార్లో ఏమైనా అయితే..."

"వద్దు," అంది ఆమె. "ఆగిపోతే ఫోన్ చేస్తాను. మీరు పడుకోండి."

అతను బోల్టు మీద వేలు అలాగే పెట్టి ఉండిపోయాడు. టీ తాగుతావా అంటే మీ ఇష్టం, స్కూటరు మీద వెళ్దామా అంటే మీ ఇష్టం, అన్నం పెట్టనా అంటే పెట్టండి, ఈ నెలంతా ఏదడిగినా తలూపుతూ వచ్చిన మనిషి. వద్దు అని ఎన్నాళ్ళైందో. ఆ మాట నేరుగా గుండెలో గుచ్చుకుంది, గుచ్చుకున్నచోటే ఎంత హాయిగా ఉందో, ఏడుపు ముంచుకొచ్చింది. సరే అన్నాడు. అవతల బావ, అదేంటే, అతన్ని తీసుకెళ్ళచ్చు కదా అంటున్నాడు, "నువ్వూరుకో అన్నయ్యా" అంటోంది ఆమె. అతను కళ్ళు తుడుచుకుని తరువాతి బోల్టు అందుకున్నాడు.